కుళాయి దగ్గర పరాయివాళ్ళు: బెంగళూరు వీధిలో ఒక కేస్ స్టడీ

ఇది 2024 వేసవిలో నేను చూసిన కేసు. వీధి పేరు రాయడం లేదు. మనుషుల పేర్లు మార్చాను, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని వదిలేశాను. బెంగళూరులో కార్మికుల కాలనీల్లో తగవులు తీర్చడం, కౌన్సెలింగ్ చేయడం పదహారేళ్ళుగా నా పని. ఈ కేసులో నేను చేసిన మొదటి మూడు ప్రయత్నాలూ విఫలమయ్యాయి. అందులో ఒకటి నష్టం కూడా చేసింది. నాలాగే ఈ పనిలో ఉన్నవాళ్ళు అదే దారిలో వెళ్ళకూడదని వివరంగా రాస్తున్నాను.

నేపథ్యం

తూర్పు బెంగళూరు శివారులో, ఐటీ పార్కుల వెనక ఉన్న వీధి అది. అరవై ఇళ్ళు. ముప్పాతిక భాగం తెలుగువాళ్ళే. అనంతపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి కొందరు, పాలమూరు నుంచి కొందరు వచ్చి స్థిరపడ్డారు. మగవాళ్ళు తాపీ మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్ళు, పెయింటర్లు. ఆడవాళ్ళు ఎక్కువమంది అపార్ట్‌మెంట్లలో ఇంటిపనికి వెళతారు. ముప్పై ఏళ్ళ కిందట టార్పాలిన్ గుడిసెల్లో కాపురం పెట్టినవాళ్ళు ఇప్పుడు సొంత గోడలు లేపుకొని, కింది వాటా అద్దెకు ఇచ్చుకుంటున్నారు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం. ఓటూ రేషనూ ఇక్కడే.

వీధి చివర ఖాళీ స్థలంలో ఇరవై రెండు నీలం టార్పాలిన్ గుడిసెలున్నాయి. పశ్చిమ బెంగాల్ నుంచి, అస్సాం నుంచి వచ్చిన బెంగాలీ మాట్లాడే కుటుంబాలు వాటిలో ఉంటాయి. అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చే పొడి చెత్తను ఏరి, సీసాలు, అట్టలు, ఇనుము వేరుచేసి అమ్ముకుంటారు. గుడిసెకు ఇంత చొప్పున స్థలం యజమానికి నెలనెలా అద్దె కడతారు. వీధిలో మాత్రం వాళ్ళు ఆక్రమించుకున్నారనే అనుకునేవారు.

అందరికీ నీళ్ళు ఒకే చోట. మలుపులో పాత బోరు, దానికి ఒక కుళాయి. కావేరి నీళ్ళు వంద కిలోమీటర్ల దూరం నుంచి పంపుల మీద ఎక్కి రావాలి, ఈ వీధికి ఆ గొట్టం ఇంకా రాలేదు. ఆ వేసవిలో నగరంలోని సుమారు పద్నాలుగు వేల ప్రభుత్వ బోర్లలో దాదాపు సగం ఎండిపోయాయని ప్రభుత్వమే చెప్పింది. ఈ బోరు పూర్తిగా ఎండలేదు గానీ ధార సన్నబడింది. బిందె నిండడానికి రెండు నిమిషాలు పట్టేది, మార్చి నాటికి పది నిమిషాలైంది. ఈ పది నిమిషాల సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఎదురైన సమస్య

మార్చి మూడో వారంలో అంగన్‌వాడీ టీచరు ఫోను చేసింది. గుడిసెల నుంచి వచ్చే నలుగురు పిల్లలు వారం రోజులుగా రావడం లేదని, వాళ్ళను పంపవద్దని ఎవరో చెప్పారని అంది. వెళ్ళి విచారిస్తే అంతకుముందు జరిగిన విషయం బయటపడింది.

వీధి వాట్సాప్ గ్రూపులో తెలుగులో ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా దిగిందని, వాళ్ళు చెత్త ఏరుకునే వేషంలో ఉంటారని అందులో ఉంది. మర్నాడు పొద్దున గుడిసెల్లో ఉండే ఒకతను భుజాన సంచితో వెళుతుంటే పదిమంది చుట్టుముట్టారు. సంచిని రోడ్డు మీద కుమ్మరించారు. నీళ్ళ సీసాలు, షాంపూ డబ్బాలు, తెగిన వైర్ల మధ్య నుంచి ఒక ప్లాస్టిక్ బొమ్మ దొర్లింది. ఒక చెయ్యి లేదు, జుట్టు సగం ఊడిపోయింది. "పిల్లల బొమ్మ నీకెందుకు?" అని ఒకరు అడిగారు. అతను హిందీలో, తడబడుతూ, తనకు కూతురుందని చెప్పాడు. ఆ తడబాటే సాక్ష్యమైంది. రెండు చెంపదెబ్బలు పడ్డాయి. బీటు కానిస్టేబుల్ అటువైపు రావడంతో అంతటితో ఆగింది.

రెండు దెబ్బలే కదా అని ఈ వీధిలో చాలామంది నాతో అన్నారు. 2018 మే నెలలో ఇదే నగరంలో, చామరాజపేటలో, ఇలాంటి పుకారునే నమ్మి రాజస్థాన్ నుంచి పని కోసం వచ్చిన యువకుణ్ణి పట్టపగలు కొట్టి చంపారు. ఆ ఏడాది దేశంలో ఇలాంటి హత్యలు వరుసగా జరిగాకే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఐదు చాట్లకు మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టింది. అందుకే నా లెక్కలో ఇది చిన్న గొడవ కాదు. ఆ కానిస్టేబుల్ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చి ఉంటే నేను వేరే కేసు రాస్తూ ఉండేదాన్ని.

మొదట తేల్చుకోవలసింది

సర్దుబాటు మాట తర్వాత, ముందు దెబ్బలు తిన్న మనిషి ఏం కోరుకుంటున్నాడో తెలుసుకోవాలి. పోలీసు ఫిర్యాదు ఇస్తారా, నేను వెంట వస్తాను అన్నాను. వద్దన్నాడు. అతని భయం ఊహించుకున్నది కాదు. 2020 జనవరిలో బెళ్ళందూరు దగ్గర కరియమ్మన అగ్రహారంలో, బంగ్లాదేశీయుల స్థావరమని ఒక వీడియో ప్రచారమయ్యాక, వంద పైచిలుకు గుడిసెలు కూల్చేశారు. అక్కడున్నవాళ్ళలో అస్సాం, త్రిపురల వాళ్ళే కాక ఉత్తర కర్ణాటక నుంచి వచ్చిన కన్నడిగులూ ఉన్నారు. తర్వాత హైకోర్టు ఆ కూల్చివేతను తప్పుబట్టింది, కానీ కుటుంబాలు అప్పటికే చెల్లాచెదురయ్యాయి. "స్టేషన్‌కు వెళితే మా గుడిసెల లెక్క తీస్తారు మేడం" అని అతని భార్య చెప్పింది. ఇరవై రెండు కుటుంబాల నెత్తిన ఆ బరువు పెట్టే హక్కు నాకు లేదనిపించి వాళ్ళ మాటకే కట్టుబడ్డాను. ఆ నిర్ణయం సరైనదేనా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

పనికిరాని ప్రయత్నాలు

పిల్లల ముఠా పుకారుతో పాటు వాళ్ళు బంగ్లాదేశీయులన్న ఆరోపణ కూడా వీధిలో ఉంది కాబట్టి, కాదని ఆధారం చూపిస్తే సరిపోతుందనుకున్నాను. గుడిసెల్లో తిరిగి ఓటరు కార్డులు, ఆధార్ కార్డుల నకళ్ళు సేకరించి, పెద్ద మేస్త్రి ఇంటి వసారాలో పదిహేను మంది ముందు పెట్టాను. ఆయన ఒక్కొక్కటీ తిరగేసి చూసి, "డబ్బు పారేస్తే ఎవరికైనా కార్డు వస్తుంది మేడం" అన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పక్కనున్న కుర్రవాడు లెక్కపెట్టి, "ఇరవై రెండు గుడిసెలకు ఇరవై ఒక్క ఇళ్ళ కార్డులే ఉన్నాయి, ఆ ఒక్కటి ఎవరిది?" అని అడిగాడు. అస్సాంలో బ్రహ్మపుత్ర వరదలో సామానుతో పాటు కాగితాలు పోగొట్టుకున్న ఒక వితంతువు ఇల్లది. సాయంత్రానికి ఆమెను వేలెత్తి చూపడం మొదలైంది. రెండు రోజులు కుళాయి దగ్గరకు రానివ్వలేదు.

ఆ తప్పు పూర్తిగా నాది. కార్డు చూపించడం ద్వారా, కార్డు లేనివాళ్ళకు నీళ్ళు ఆపవచ్చన్న వాదాన్ని నేనే ఒప్పుకున్నట్టయింది. ఫలానావాళ్ళు పరాయివాళ్ళు కారు అని నిరూపించడానికి కూర్చున్నప్పుడు, పరాయివాళ్ళైతే ఏం చేసినా చెల్లుతుందన్న మాట ఎవరూ అనకుండానే ఖాయమైపోతుంది. ఆ నకళ్ళన్నీ వెనక్కి ఇచ్చేసి, నా ఫోనులో ఉన్న ఫోటోలు వాళ్ళ ముందే చెరిపేశాను.

రెండో ప్రయత్నంగా ఎస్సై వచ్చి పుకార్లు నమ్మవద్దని పావుగంట మాట్లాడారు. అందరూ తలూపారు. ఆయన జీపు మలుపు తిరగకముందే గ్రూపులో మాటలు మళ్ళీ మొదలయ్యాయి.

మూడోది ఉగాది సభ. సామాజిక మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పిన మాట ఈ రంగంలో అందరికీ తెలిసిందే. రెండు వర్గాలు కలిస్తే ద్వేషం తగ్గుతుంది, కాకపోతే కలిసినప్పుడు ఇద్దరి స్థాయీ సమానంగా ఉండాలి, చేయవలసిన పని ఉమ్మడిగా ఉండాలి, పెద్దల మద్దతు ఉండాలి. నేను కలపడం ఒక్కటే గుర్తుంచుకొని మిగతావి వదిలేశాను. ఏప్రిల్ 9న సాయంత్రం ఐదు గంటలకు వీధిలో షామియానా వేసి ఉగాది పచ్చడి పంచాలని పెట్టాను. కుర్చీలు నలభై తెప్పించాను. వీధివాళ్ళు ముందొచ్చి కూర్చున్నారు. గుడిసెలవాళ్ళు వచ్చేసరికి కుర్చీలు లేవు, జంపఖానా అంచున ఒదిగి కూర్చున్నారు. వీధివాళ్ళకు స్టీలు గ్లాసులు, వాళ్ళకు కాగితపు కప్పులు. ఎవరూ చెప్పి చేయించలేదు, పంచుతున్నవాళ్ళ చేతులు వాటంతట అవే అలా విడదీశాయి.

అసలు పొరపాటు నాకు అంతకన్నా ఆలస్యంగా తెలిసింది. ఆ రోజు రంజాన్ నెలలో ఉపవాసం. పండుగ రెండు రోజుల తర్వాత, 11న. పొద్దు గూకడానికి ఇంకా గంటన్నర ఉంది. గుడిసెల ఆడవాళ్ళు కప్పులు రెండు చేతులతో పట్టుకొని కూర్చున్నారు. పారబోయలేదు, పక్కన పెట్టలేదు, నోటికి తాకించలేదు. అవతల కుర్చీల్లో ఒకావిడ, "చూశారా, మన పచ్చడి వాళ్ళకు పనికిరాదు" అంది. ఆ మాటను సర్దేలోపే మగవాళ్ళు లేచిపోయారు. ఇరవై నిమిషాల్లో సభ ముగిసింది. అందరూ వెళ్ళాక ఆ వితంతువు తన కప్పు మీద మూతగా ఒక కాగితం కప్పి గుడిసెకు తీసుకువెళుతుంటే ఎందుకని అడిగాను. సాయంత్రం ఉపవాసం విడిచేటప్పుడు తాగడానికి అంది. కుర్చీల్లో కూర్చున్నవాళ్ళెవరూ అది చూడలేదు.

దారి మళ్ళిన చోటు

ఏప్రిల్ 26న లోక్‌సభ ఎన్నికల పోలింగ్. ఆ లోపు ఏ సభ పెట్టినా ఎవరో ఒకరు వాడుకుంటారు. అందుకే సభలు మానేసి ఇల్లిల్లూ తిరగాలని నిర్ణయించుకున్నాను. ఒక నియమం పెట్టుకున్నాను. గుడిసెలవాళ్ళ గురించి నేను ఒక్క మాట కూడా ఎత్తను. ఒకటే ప్రశ్న అడుగుతాను: "మీరు ఈ ఊరొచ్చిన మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు?"

దీని వెనక ఒక ఆలోచన ఉంది. అమెరికాలోని మయామిలో జరిగిన ఒక పరిశోధన 2016లో వెలువడింది. ఇంటి గుమ్మంలో నిలబడి పదినిమిషాలు, వాదించకుండా, ఎదుటివారు తమను ఇతరులు చులకన చేసిన సందర్భాన్ని గుర్తుచేసుకునేలా మాట్లాడితే, ట్రాన్స్‌జెండర్ల పట్ల వాళ్ళ వైఖరిలో వచ్చిన మార్పు మూడు నెలల తర్వాత కూడా నిలిచిందని అందులో తేలింది. మన వీధులకు అది యథాతథంగా పనికొస్తుందని అనుకోలేదు. వాదించకూడదన్న భాగం మాత్రం నాకు అప్పుడు చాలా అవసరమనిపించింది.

మూడు వారాల్లో ఇరవై ఆరు ఇళ్ళు తిరిగాను. ఒక్కో ఇంట్లో గంట పట్టింది. బస్టాండులో పడుకున్నవాళ్ళు, కడుతున్న భవనం మూడో అంతస్తులో గోడల్లేని చోట పసిపిల్లను కాలికి కట్టుకొని నిద్రపోయినవాళ్ళు, మొదటి నెల కూలి ఎగ్గొట్టిన కాంట్రాక్టరు పేరు ఇప్పటికీ మరిచిపోనివాళ్ళు కనిపించారు. అందరి మనసూ కరిగిందని చెప్పను. పెద్ద మేస్త్రి అయితే తన కథ చెప్పి మరింత బిగుసుకున్నాడు. "మేము రెక్కలు ముక్కలు చేసుకొని పైకొచ్చాం, వాళ్ళలాగా కాదు" అన్నాడు. కష్టపడిన జ్ఞాపకం ఒక్కోసారి ఎదుటివారి మీద జాలిని కాకుండా కసినే పెంచుతుందని ఆయన దగ్గర తెలిసింది.

సుబ్బమ్మకు యాభై మూడేళ్ళు. ఆమె ఇంట్లో మాత్రం నేను అడిగిన ప్రశ్న వేరే చోటికి వెళ్ళింది. మొదటి రాత్రి గురించి కాదమ్మా, ఇంకో రాత్రి గురించి చెబుతానంది. 1991 డిసెంబరు, కావేరి గొడవల సమయం. తమిళనాడుకు కావేరి నీళ్ళు వదలమన్న ట్రిబ్యునల్ మధ్యంతర ఉత్తర్వు తర్వాత బెంగళూరులో తమిళుల మీద దాడులు జరిగిన రోజులు. అప్పుడామె ఇరవై ఏళ్ళ గర్భిణి, కూలీల గుడిసెల్లో ఉండేది.

"నలుగురొచ్చి ఏ భాషవాళ్ళు అని అడిగారు. తెలుగువాళ్ళం, తెలుగువాళ్ళం అని అరిచాను. సరేనన్నారు. పక్క గుడిసె ఎవరిదన్నారు. నేను నోటితో చెప్పలేదమ్మా. అటువైపు చూశాను. అంతే. వాళ్ళ గిన్నెలన్నీ రోడ్డు మీద విసిరేశారు. తెల్లవారేసరికి ఆ కుటుంబం లేదు. ఆవిడ నాకు చింతపండు అప్పిచ్చింది, తిరిగి ఇవ్వనేలేదు."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మొన్న ఆ సంచి కుమ్మరించినప్పుడు నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను" అంది.

నేను ఓదార్చలేదు. ఇప్పుడు ఏం చేద్దామని కూడా అడగలేదు. అడిగితే ఆ మాట నాదైపోయేది. మర్నాడు కుళాయి దగ్గర సుబ్బమ్మ తన రెండు బిందెలు పక్కకు జరిపి, కార్డు లేని ఆ వితంతువు బిందెను ధార కింద పెట్టింది. వరుసలో ఉన్నవాళ్ళు గొణిగారు. ఎదురు చెప్పలేదు, ముప్పై ఏళ్ళుగా ఆ వీధిలో ఉన్న మనిషి కాబట్టి.

నీళ్ళ లెక్క

ఆ బిందె చుట్టూ వచ్చిన గొణుగుడు వింటున్నప్పుడే అసలు సంగతి నాకు తట్టింది. "వాళ్ళు వచ్చాకే నీళ్ళు తగ్గాయి" అని ముగ్గురు అన్నారు. గుడిసెలు అక్కడ పడి నాలుగేళ్ళయింది, నీళ్ళు తగ్గింది నాలుగు నెలల కిందట. అయినా పొద్దున ఐదింటికి లేచి అపార్ట్‌మెంటు పనికి వెళ్ళవలసిన మనిషికి, తన ముందున్న ఇరవై రెండు బిందెలే కనిపిస్తాయి, భూగర్భ జలాలు కనిపించవు. పుకారు ముందే ఉన్న కోపం మీద పడింది. నేను పుకారుతో పోరాడుతూ ఆ కోపాన్ని వదిలేశాను.

సుబ్బమ్మే ట్యాంకరు మాట ఎత్తింది. అప్పటికి నాలుగైదు ఇళ్ళు కలిసి చిన్న ట్యాంకరు తెప్పించుకొని ఎక్కువ డబ్బు పోస్తున్నాయి. జిల్లా యంత్రాంగం ఆ మార్చిలోనే ధరలు నిర్ణయించింది: ఐదు కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకరుకు 1,000 రూపాయలు, పన్ను అదనం. ఎనభై రెండు ఇళ్ళు కలిసి వారానికి రెండు పెద్ద ట్యాంకర్లు తెప్పిస్తే ఇంటికి వారానికి ముప్పై రూపాయల లోపే పడుతుంది. ప్రతి ఇంటికీ ఒక్కో విడతకు ఒక డ్రమ్ములో ముప్పాతిక భాగం నీళ్ళు.

గుడిసెలవాళ్ళ దగ్గర ఇరవై రూపాయలు తీసుకుందామని నేనన్నాను. సుబ్బమ్మ ఒప్పుకోలేదు. "తక్కువ తీసుకుంటే తక్కువగానే చూస్తారమ్మా" అంది. ఆమె చెప్పింది నిజం. ఉగాది నాడు కాగితపు కప్పు ఇచ్చిన చెయ్యి, ఈసారి ముప్పై రూపాయలు లెక్కపెట్టి తీసుకోవలసి వచ్చింది. వరుస ఎవరు ముందో చీటీలు వేసి తేల్చాం కాబట్టి, వీధి డ్రమ్ములు, గుడిసెల డ్రమ్ములు కలగలిసి నిలబడ్డాయి. డబ్బు వసూలు చేసేది ఇద్దరు, వీధి తరఫున సుబ్బమ్మ, గుడిసెల తరఫున రహీమా. నోటు పుస్తకంలో ఎడమ వైపు తెలుగు, కుడి వైపు బెంగాలీ. అంకెలు మాత్రం ఇద్దరికీ ఒకటే రకం.

మే రెండో వారంలో అసలు పరీక్ష వచ్చింది. వీధిలో ఒక ఐదేళ్ళ పిల్లవాడు మధ్యాహ్నం నుంచి కనబడలేదు. గ్రూపులో పాత వాయిస్ మెసేజ్ మళ్ళీ తిరిగింది. ఈసారి ఎవరో సుబ్బమ్మకు ఫోను చేశారు, ఆమె రహీమాకు చేసింది. గుడిసెల ఆడవాళ్ళు పన్నెండు మంది వీధివాళ్ళతో పాటు వెతకడానికి బయలుదేరారు. నలభై నిమిషాల తర్వాత పిల్లవాడు మేనత్త ఇంట్లో మంచం కింద నిద్రపోతూ దొరికాడు. వాడి తల్లి ఆ సాయంత్రం రహీమా గుడిసె దాకా వెళ్ళి వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఎంతవరకు, ఏమేరకు

జూన్‌లో ముగ్గురు పిల్లలు అంగన్‌వాడీకి తిరిగి వచ్చారు. వానలు పడి బోరు కోలుకున్నాక కూడా ట్యాంకరు చందా సెప్టెంబరు దాకా నడిచింది. పెద్ద మేస్త్రి అభిప్రాయం మారలేదు. ఇప్పటికీ వాళ్ళను బంగ్లాదేశీయులనే అంటాడు. వాయిస్ మెసేజ్‌లు పంపడం మాత్రం మానేశాడు, చందా ఒక్క వారం కూడా ఎగ్గొట్టలేదు. మనసు మారకుండానే నడవడిక మారవచ్చని, అది కూడా విలువైనదేనని ఆయన విషయంలో ఒప్పుకోవలసి వచ్చింది.

ఈ కేసు తర్వాత నా పనిలో మూడు మార్పులు వచ్చాయి. ఎవరి గుర్తింపు కార్డులూ ఎవరి ముందూ పెట్టను. సభకు తేదీ పెట్టేముందు రెండు వైపులా పండుగలు, ఉపవాసాలు కనుక్కుంటాను. పుకారు అని ఎవరైనా పిలిస్తే, ముందు ఆ వీధిలో ఈ మధ్య ఏది కరువైందో అడుగుతాను: నీళ్ళా, పనులా, అద్దె ఇళ్ళా?

నాలుగోది ఇంకా తేలలేదు. దెబ్బలు తిన్న మనిషికి న్యాయం జరగలేదు. వీధిలో సఖ్యత కుదిరింది కదా అని నా రికార్డులో కేసు ముగిసిందని రాయడానికి చెయ్యి రాలేదు. కొట్టిన ఇద్దరూ ఎవరో అందరికీ తెలుసు, ఒకరు నీళ్ళ వరుసలో రహీమా వెనకే నిలబడతారు. క్షమాపణ చెప్పమని వాళ్ళను ఒప్పించే సమయానికి, అంటే మే చివరికి, చెప్పించుకోవలసిన మనిషి అక్కడ లేడు. భార్యను, బొమ్మ కోసం ఎదురుచూసిన కూతురిని తీసుకొని ఏప్రిల్‌లోనే వెళ్ళిపోయాడు. అంగన్‌వాడీకి తిరిగి రాని నాలుగో పిల్ల ఆ కూతురే. హొసకోట వైపు వెళ్ళారని ఒకరు, సొంత ఊరికి వెళ్ళిపోయారని ఒకరు చెప్పారు. చెత్త వేరుచేసే చోట్లు మరో రెండింటిలో వాకబు చేశాను. అతను నాకిచ్చిన నంబరుకు ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోను చేస్తాను, మోగదు.